తాత చేతుల మధ్య గుమ్మడికాయ

గుమ్మడికాయ కోసినప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చిపాలకూ వాన పడిన మట్టికీ నడుమ ఎక్కడో నిలబడే వాసన. ఇప్పుడు తిరుపతిలో కూరగాయలమ్మే చోటల్లా దాన్ని నెలవంకల్లా కోసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి పేర్చి పెడుతున్నారు. ఇంటికి తెచ్చి ఆ కాగితం విప్పానంటే చాలు, నలభై దాటి, చత్వారం వచ్చి, పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తుండని నేను, పాతవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి పొయ్యి ముందు అలాగే నిలబడిపోతాను. మొత్తం కాయ మాత్రం ఈనాటికీ కొనలేదు. ఎందుకని ఇంట్లోవాళ్ళు అడిగితే, అంత బరువు మోయలేను అంటాను. అది నిజమే.

మాది పూల ఇల్లు. మా వీధి చివరి పెరుమాళ్ళ గుడికి మాలలు కట్టడం ముత్తాతల నాటి నుంచి మా వాళ్ళ పని. మా తాతకైతే అదే ఊపిరి. తెల్లవారుతుండగానే స్నానం చేసి, తడి పంచెతో, భుజం మీద తువ్వాలు, దాని మీద పూలసంచి తగిలించుకుని పెరట్లోకి దిగేవాడు. నందివర్ధనం, గన్నేరు, మందారం, గోడవారన కనకాంబరాలు, గట్టు మీద తులసి, మరువం, దవనం, వీటిలో ఏ కొమ్మన ఏ మొగ్గ రేపు విచ్చుకుంటుందో ఆయన వేళ్ళకు తెలుసు. పూసిన పువ్వు ఎండపొడ సోకకముందే స్వామి దగ్గరికి చేరాలన్నది ఆయన నియమం. మా పెరట్లో పువ్వు ముఖం చూడాలంటే తాత కంటే ముందు లేవాలి. అంత భక్తీ, అంతకు మించి అంత మెలకువా, మా ఇంట్లో ఇంకెవరికీ లేవు.

మన భాద్రపద ఆశ్వయుజాల నడుమ పడే తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే, ఆ నెల శనివారాలకు తమిళనాడు నుంచి జనం బస్సులకు బస్సులుగా దిగేవాళ్ళు. రైల్వే స్టేషన్ ఎదురుగా లాడ్జిలో గదుల పద్దు రాసే మా నాయన ఇంటికి వచ్చేది భోజనానికి మాత్రమే. అమ్మ తడిపిన అరటినార ఒళ్ళో వేసుకుని మాలలు కడుతూనే మాకు తలలు దువ్వేది. ఇల్లంతా అరటినార చెమ్మ, మరువం ఘాటు, వంటింట్లోంచి మిరియాల పొంగలి వాసన. ఇన్ని మొక్కలున్న ఇంట్లో తినడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. కరివేపాకుకు కూడా పక్కింటికే పోవాలి. స్వామిని అలంకరించేవాళ్ళం గానీ, సాంబారుకు దిక్కులేని వాళ్ళం.

మా అక్క కోమలకు పుట్టుకతోనే గుండెలో చిల్లు ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పెదవులు నేరేడుపండు తిన్నట్టు నీలంగా మారేవి. నేను మూడో తరగతికి వచ్చేసరికి, తొంభైల మొదట్లో, తాను ఏడో తరగతి సగంలో బడి మానేసింది. కుంటుడు బిళ్ళా, కో కో అన్నీ నావి. వామనగుంటలు, అచ్చనగాయలు, కూర్చుని ఆడే ఆటలన్నీ తనవి. వాటిలో ఒక్కసారి కూడా నేను తనను గెలవలేదు. వానాకాలం పోయాక ఆపరేషన్ చేస్తామని, ఆలోగా ఒళ్ళు కాస్త పుంజుకోవాలని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి పెరటి మెట్టే అక్కకు సింహాసనం. పరిపాలించడానికి ఉన్న ప్రజను నేనొక్కదాన్నే.

ఆడి నెలలో, మన ఆషాఢం చివర్లో, ఒకరోజు అమ్మ పులుసుకు గుమ్మడికాయ తెప్పించింది. నిండు గుమ్మడికాయకు మొదటి కత్తిగాటు ఆడవాళ్ళు పెట్టకూడదు కాబట్టి నాయన భోజనానికి వచ్చేదాకా అది వంటింటి మూల పూజ్యులైన బంధువులా కూర్చుంది. కోసిన తర్వాత గింజలన్నీ అక్క చేటలో ఆరబెట్టుకుంది, వామనగుంటలకేమో అనుకున్నాను. 

"ఆడుకునేదానికి కాదు మే. నాటేదానికి" అంది.

అమ్మ నార మెలిపెడుతూనే నవ్వింది. "మనం పూలోళ్ళం. మనకు కాయలు కాపించేది వస్తాదా?"

"వస్తాది సూడు. నా సెట్టు కాయతో పులుసు తిని, ఆపైనే ఆపరేషనుకు పోతా. అంతవరకూ నన్ను ఎత్తుకపోయినా నేను రాను."

అమ్మ నవ్వు ఆగిపోయింది. అక్క ఏదైనా అంటే అన్నట్టే.

మా వ్యవసాయం ఎలా సాగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఒక గుంట తవ్వి, ఒక్కటి చాలేచోట పిడికెడు గింజలు పోశాను. మొలక వచ్చిందో లేదో చూడడానికి పొద్దునా సాయంత్రం ఆ గింజల్ని బయటికి తీసి, వాటి యోగక్షేమాలు కనుక్కుని, మళ్ళీ పడుకోబెట్టేదాన్ని. నీళ్ళు ఎన్ని పోయాలో తెలియక బావి బావంతా తోడి ఆ గుంటలోకే దించాను. గింజల్లో సగం కుళ్ళి, మిగిలిన సగంలో సగం చీమలకు పోయి, నా సేవను తట్టుకుని ఒకే ఒక్కటి రెండు దళసరి ఆకులు చేతులు జోడించినట్టు పెట్టుకుని బయటికి వచ్చింది. ఇక నన్ను దాని జోలికి పోనివ్వకుండా అక్క మెట్టు మీంచే కాపలా కాసింది. బియ్యం కడిగిన నీళ్ళు, పక్కింటి ఆవు పేడ, వాడిపోయి గుడి నుంచి తిరిగొచ్చిన మాలల ఎరువు, ఇవన్నీ తిని తీగ నేల పాకి, గోడ ఎక్కి, స్నానాలగది పెంకుల మీదికి చేరింది. ఆకు ఒక్కొక్కటి విస్తరంత.

పూలు కూడా వచ్చాయట. వచ్చాయట అనే అనాలి, మేమెవరమూ చూడలేదు గనక. సాయంత్రం మొగ్గలు సూటిగా నిలబడి ఉండేవి, మేం లేచేసరికి ఖాళీ కాడలు. పండగలాంటి పసుపు పువ్వులు ఇంట్లో స్వామి పటం ముందు ఉండేవి. అవి ఎక్కడివని మాలో ఒక్కరికీ తట్టలేదు. పటం ముందు పూలుండడం మా ఇంట్లో గోడకు సున్నం ఉండడం లాంటిది. నెల గడిచినా కాయ ఊసే లేదు. దిష్టి తగిలిందని నాయన ఒక పాత కుండకు సున్నపు బొట్లు పెట్టి తీగ పక్కన బోర్లించాడు. "మనింటి సెట్టు గదా, పూసి ఊరుకుంటాది" అని అమ్మ తేల్చేసింది.

అక్క మాత్రం తాను సగంలో వదిలిన సైన్సు పుస్తకం తెరిచి పువ్వుల పాఠం చదువుకుంది. చదివి, ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర గంభీరంగా ప్రకటించింది.

"గుమ్మడికాయల దొంగ దొరికినాడు."

సామెతలో దొంగ భుజాలు తడుముకుంటాడు. మా తాత నిజంగానే భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. దాని మీద పసుపుపచ్చటి పుప్పొడి! నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి పగలబడి నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. తాతకు మాత్రం అర్థం కాలేదు.

"పూసినాది, కోసినా. అందులో తప్పేముండాది?"

"పువ్వుల్ని కాదు తాతా, నువ్వు నా కాయల్ని కోసేస్తా ఉండావు. పువ్వు ఉంటేనే గదా కాయ!"

తాత కలిపిన మజ్జిగన్నాన్నే మళ్ళీ కలిపాడు. తర్వాత, ఎవరివైపూ చూడకుండా, "నీకోసమే గదమ్మా, ఆయన ముందర పెడతా ఉండేది" అన్నాడు. ఆ పసుపు పూలన్నీ ఆయన మనవరాలి గుండె కోసం పెట్టుకున్న మొక్కులని అప్పుడు తెలిసింది. స్వామి కాయాలి, చెట్టు కాయాలి. ఇద్దరికీ ఒకే పువ్వు కావలసి వచ్చింది.

తాతకూ అక్కకూ ఒడంబడిక కుదిరింది. పుస్తకంలో బొమ్మ చూపించి అక్క పంపకం చేసింది. పువ్వు కింద బుల్లి కాయలాంటి ఉబ్బు ఉంటే అది పిందె పువ్వు, అక్కది. ఉత్త కాడ ఉంటే కాడ పువ్వు, స్వామిది. తాత ఆ పంపకాన్ని శాస్త్రంలా పాటించాడు. పిందె పూల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, నోట్లో నామం చెప్పుకుంటూ నడిచేవాడు. అయినా పిందెలు ఒకదాని వెంట ఒకటి పచ్చబడి రాలిపోయాయి. పాఠంలో ఇంకో పేజీ ఉందని, కాడ పువ్వు పుప్పొడి చేరితేనే పిందె నిలబడుతుందని అక్క తర్వాత చదివింది. పాఠం పూర్తిగా చదవకుండా పరీక్షకు పోవడం మా వంశంలో నాతో మొదలైందనుకునేదాన్ని, అక్క నాకంటే ముందే ఉంది.

అప్పటికి పెరటాసి సగమైంది. అక్క ఒళ్ళు పుంజుకోలేదు సరికదా, పాదాలు వాచాయి. డాక్టరు వెంటనే చేర్చమన్నాడు. చేరాల్సిన రోజు పొద్దున, తాత స్నానం చేసి వచ్చి, సంచి లేకుండా పెరట్లోకి దిగాడు. నాయన అక్కను ఎత్తుకుని వచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. అప్పుడే విచ్చుకున్న పిందె పువ్వు ఒకటి గోడ మీద ఉంది. తాత ఒక కాడ పువ్వు కోసి, అలవాటు చొప్పున కళ్ళకద్దుకుని, దాని రేకులు ఒలిచి, మాలలో మరువం పెట్టేంత మెత్తగా పిందె పువ్వు నడుమ అద్దాడు. స్వామికి కాక ఇంకొకరికి ఆయన పువ్వు పెట్టడం నేను చూసింది అదే మొదలు.

"బాగా అద్దు తాతా. పిసినారోడి మాదిరి పెట్టొద్దు" అని అక్క మెట్టు మీంచి ఆజ్ఞాపించింది.

"నాకే నేర్పిస్తావా మే పూలు పెట్టేది?"

ఆటో వచ్చేదాకా ఇద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు.

ఆసుపత్రిలో అక్క అందరినీ అడిగేది ఒకటే, కాయ నిలబడిందా అని. తాత గుడి పని ముగించుకుని, ఒంటి మీద మరువం వాసనతోనే మంచం పక్కన కూర్చుని, మాటల కంటే ముందు చేతులు చూపించేవాడు. మొదట బొటనవేలూ చూపుడువేలూ కలిపి, "నిమ్మకాయంత". ఆ తర్వాత రెండు పిడికిళ్ళు చేర్చి, "కొబ్బరికాయంత. తొడిమ లావుండాది, ఇంక పడదు." అక్క తన చేతుల్ని ఆయన చేతుల కొలతకు తెచ్చి, గాల్లో ఉన్న కాయను ఆయన దగ్గర్నుంచి జాగ్రత్తగా అందుకుని ఒళ్ళో పెట్టుకునేది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆ పిందె మేం ఆసుపత్రికి పోయిన వారంలోనే నల్లబడి రాలిపోయింది. నేనే చూశాను, తాతకు నేనే చెప్పాను. ఆయన దాన్ని ఏరి తులసికోట మొదట్లో పెట్టి, ఆ సాయంత్రం మళ్ళీ ఆసుపత్రికి పోయి చేతులు ఇంకొంచెం ఎడంగా పెట్టాడు. జన్మలో అబద్ధమాడని మనిషి, చేతులతో రోజూ ఒక కాయను పెంచాడు.

చివరిసారి ఆయన చేతులు మూరెడు దూరంలో ఉన్నాయి. అక్కకు చేతులు అంత ఎత్తే సత్తువ లేదు.

"తాతా, ఇంక కోసేయొచ్చు గదా?"

"ఇంకా రంగు తిరగాల తల్లీ. నువ్వు ఇంటికి రా, నీ ముందరే కోస్తా."

"నాయన గాటు పెట్టల్ల."

"నాయనే పెడతాడు."

ఆపరేషన్ దాకా రాలేదు. ఆదివారం తెల్లవారుతూ, తాత పూలు కోసే వేళకు, అక్క పోయింది.

మైల వచ్చిన ఇంట్లో దీపం పెట్టరు, స్వామి పటం ముందుకు పోరు, పూలు ముట్టరు. గుడి మాలల పని మా చిన్నతాత ఇంటికి మారింది. పూలసంచి వంకెకు వేలాడింది. తాత పెరటి మెట్టు మీద, అక్క కూర్చునే చోటు కాస్త వదిలి, పక్కన కూర్చుని ఉండేవాడు. ఆయన ఎదుటే నందివర్ధనాలు కొమ్మకే వాడి రాలాయి, మందారాలు మధ్యాహ్నం దాకా చెట్టునే ఉండి ముడుచుకున్నాయి, కనకాంబరాలు గోడ వెంబడి గుంపుగా మండాయి. గుమ్మడి తీగ నిండా, గోడ మీద, పెంకుల మీద, పసుపు పూలు నోళ్ళు తెరుచుకుని పొద్దెక్కేదాకా ఉన్నాయి, వాటి నిండా తేనెటీగలు. మా పెరడు అంత అందంగా ఎన్నడూ లేదు. చూడలేక అమ్మ పెరటి తలుపు మూసేసింది.

మైల తీరి తలుపు తీసేసరికి తీగ కాసింది. ఒకటీ రెండూ కాదు, ఆకెత్తిన చోటల్లా కాయే. ఎవరికీ చెయ్యి రాక వాటిని అలాగే వదిలేశాం. కార్తీకం పోయి చలి ముదిరేసరికి తీగ ఎండి, కాయలు ఒక్కొక్కటీ రంగు తిరిగి, పెంకుల మీద ఊరంతటికీ కనబడుతూ కూర్చున్నాయి. తాత వాటిని నాయన చేత దింపించి, వీధిలో ఇంటింటికీ పంపించాడు. "పాప సెట్టుది" అని మాత్రం చెప్పమన్నాడు. మా ఇంట్లో పులుసు వండలేదు.

అన్నిటినీ పంపే ముందు, ఆయన వాటిని మెట్టు మీద వరసగా పెట్టించుకుని, ఒక్కొక్కదానికీ రెండు వైపులా చేతులు ఆనించి చూశాడు. ఒకదాని దగ్గర ఆగిపోయాడు.

"సరిపోయినాది" అన్నాడు.

ఆ కాయను ఆయన ఇవ్వలేదు, కోయనివ్వలేదు. మెట్టు మీద అక్క చోటులోనే ఎండాకాలం దాకా ఉండి, ఒకరోజు కింది నుంచి మెత్తబడింది. తాతే దాన్ని ఎత్తి పెరట్లో పాతిపెట్టాడు. మళ్ళీ గుడికి మాలలు కట్టాడు గానీ, ఇంటి పెరట్లో పువ్వు కోయడం మానేశాడు. పూలన్నీ బజారు నుంచే కొనుక్కునేవాడు.

ఇప్పుడు ఆ పెరడు ఒక లాడ్జి కింద స్కూటర్లు పెట్టుకునే చోటు. తులసికోట ఉన్న దగ్గర నీళ్ళ మోటారు ఉంది. తాత లేడు, నాయన లేడు. అరటినార తడిపే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు, మాలలు వ్యాన్లలో వస్తున్నాయి. పెరటాసి జనం మాత్రం వస్తూనే ఉన్నారు.

మొన్న రైతుబజారుకు కాస్త పెందరాళే పోయాను. గుమ్మడి ముక్కలు ఇంకా కోసిపెట్టలేదు. రాశిగా పోసిన కాయల వెనక నుంచి అమ్మే ఆమె, "నిండు కాయే తీసుకోక్కా, ఎంతది కావల్ల?" అంది.

వద్దు అనబోయాను. నా చేతులు సంచి వదిలి వాటంతటవే లేచి, గాల్లో ఒక దూరంలో ఆగాయి. ఆమె నా చేతుల్నీ రాశినీ మార్చి మార్చి చూసి, రెండు మూడు కాయలు తిప్పి, తల అడ్డంగా ఊపింది.

"అంతది ల్యాదక్కా."

తెలుసు అన్నాను. చేతులు దించడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది.