బల్ల నిండాకే ఉబుంటు

కంప్యూటర్ల బాబాయికి ఒకే ఒక్క పిచ్చి ఉండేది. రిపేరుకు పాత కంప్యూటరు ఏది వచ్చినా ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ ఎక్కించేవాడు. ఆ పేరుకు అర్థం చెప్పందే తిరిగి ఇచ్చేవాడు కాదు. అదీ ఒక్కరికి చెప్పడు. కొట్లోని పొడుగు బల్ల మీద నలుగురు కూర్చుంటేనే నోరు విప్పేవాడు.

ఒకసారి ముగ్గురే ఉంటే, ఉత్తరం ఇవ్వబోయిన పోస్ట్‌మ్యాన్‌ని చెయ్యిపట్టి కూర్చోబెట్టాడు. నెల తిరిగేసరికి ఆ పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలతో పాటు ఉబుంటు అర్థం కూడా ఇంటింటికీ పంచడం మొదలుపెట్టాడు.

టైపిస్టమ్మకు ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పట్లో ఒళ్లు మండేది. ఆమె పనిచేసే ఆఫీసు మూతపడింది. ఆ నెలలో పని దొరక్కపోతే గది ఖాళీ చేసి అన్నయ్య పంచన చేరాల్సిందే. మూలపడ్డ కంప్యూటరు బాగుపడితే టైపు పనులు వెతుక్కోవచ్చని ఆశ.

"అయిపోయిందిగా బాబాయిగారూ, ఇచ్చేయండి."

"నలుగురు రానీ తల్లీ."

"అర్థం నాకు తెలుసు! మౌస్ కోసం వచ్చినప్పుడు చెప్పారు. వైరు కోసం వచ్చినప్పుడూ చెప్పారు."

"తెలిసినవాళ్లకి చెప్తేనే మజా."

గంటకు ట్యూషన్ మాస్టారు వచ్చారు. తర్వాత ప్రెస్సు యజమాని. ఆఖరికి ఆయాసపడుతూ లాయరుగారి గుమాస్తా. ఆమె కడుపులో అప్పటికే ఎలుకలు పరిగెడుతున్నాయి.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఉబుంటు అన్నది ఆఫ్రికాలో దక్షిణాదివాళ్ల మాట. మనమంతా ఉన్నాం కాబట్టే నేనున్నాను అని భావం. అందుకే అందరికీ ఊరికే పంచే సిస్టమ్‌కి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఎవరేం చేస్తారో ఒకరికొకరు చెప్పుకోండి."

"ఏం చెప్పను!" అన్నాడు ప్రెస్సు యజమాని. "టైపు చేసే మనిషి మానేసి వారమైంది."

"మా దగ్గరా కాగితాలు గుట్టపడ్డాయి," అన్నాడు గుమాస్తా.

టైపిస్టమ్మ చటుక్కున లేచింది. "నేను చేస్తానండీ!"

రేపట్నుంచే రమ్మన్నారు ఇద్దరూ. బాబాయి ఏమీ ఎరగనట్టు కిందపడ్డ స్క్రూలు ఏరుకుంటున్నాడు.

"ఇంతకీ నా కంప్యూటరేదయ్యా?" అని గదమాయించాడు ప్రెస్సు యజమాని. "రెడీ అని ఫోను చేసి పరిగెత్తుకు రమ్మన్నావు. ఇంకా విప్పనేలేదు!"

"మీది నయం," అన్నాడు గుమాస్తా. "నన్నూ అలాగే పిలిచాడు. నాకసలు కంప్యూటరే లేదు!"

బాబాయి ఇప్పుడు లేడు. ఆ బల్ల మాత్రం ఆమె టైపు సెంటర్లో ఉంది. మొన్న ఉద్యోగం దరఖాస్తు టైపు చేయించుకున్న అమ్మాయి, "అయిపోయిందిగా ఆంటీ, ఇచ్చేయండి," అని తొందరపెట్టింది.

టైపిస్టమ్మ ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి ఫోను అందుకుంది.

"కూర్చో తల్లీ. నలుగురు రానీ."