పెద్దసారు వచ్చేదాకా

ఆ రోజుల్లో పైలెట్ అంటే మా చందానగర్ మార్కెట్లో అందరూ ఒకేలా ఊహించుకునేవారు. తెల్ల చొక్కా, నల్ల టోపీ, వెనకాల వందలమంది జనం. నా వెనకాల కూర్చునేది మాత్రం ఒక్కరే. మాదాపూర్ బండరాళ్ళ మధ్య అద్దాల బిల్డింగులు లేస్తున్న కాలమది. అక్కడ స్థలాలు కొని అమ్మే రాయలసీమ పెద్దమనిషి ఒకాయనకి సొంతంగా చిన్న విమానం ఉండేది. ఆఫీసులో అందరూ ఆయన్ని పెద్దసారు అనేవారు. ఆ విమానానికి నేను కో-పైలెట్‌ని. (అది కాగితం మీది మాట. ఆయన సూట్‌కేసు మోసేదీ, తలుపు తీసి పట్టుకునేదీ, ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసేదీ కూడా నేనే.) మా విమానానికి వేరే టైంటేబులు లేదు, పెద్దసారే టైంటేబులు. ఎనిమిదింటికి ప్రయాణమంటే మేం ఏడింటికే బేగంపేటలో సిద్ధంగా ఉండేవాళ్ళం, ఆయన పదకొండుకి వచ్చేవారు. ఈలోపు నేను ఆయన డ్రైవరుకి ఫోన్ చేసి, స్నానమైందా, పూజలో కూర్చున్నారా, కారెక్కారా అని ఆరా తీసేవాణ్ణి. అదంతా విమానం నడపడంలో భాగమేననుకున్నాను.

ఒకరోజు గాల్లో ఉండగానే పెద్దసారు ముందుకొచ్చి నా భుజమ్మీద చెయ్యి వేశారు. "ఏమప్పా, ఈ ఇమానం అమ్మేస్తాండా. నెలాఖరు దాకానే. నువ్వు యాడన్నా చూసుకో" అన్నారు. కొన్నాళ్ళు ఎగరకుండా కూర్చున్న పైలెట్‌ని ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. పైగా "మా పోరడు విమానం తోల్తడు" అని మా అమ్మ కూరగాయలు కొనే బండి దగ్గర చెప్పుకోని రోజు లేదు. రేపటినుంచి ఆవిడ ఏం చెప్పుకుంటుందన్నదే నాకు పెద్ద బెంగైపోయింది.

అదృష్టం బాగుండి ఒక విమాన సంస్థ పైలెట్లని తీసుకుంటోందని తెలిసింది. ఇంటర్వ్యూ మాదాపూర్లోనే, కొత్త అద్దాల బిల్డింగులో. గడప దాటుతుంటే అమ్మ, "జర పైలంగ మాట్లాడు బిడ్డా. అడిగినదానికే చెప్పు" అంది. అలాగే చెప్పాను, కొంప మునిగిందే అక్కడ.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో తెల్లమీసాల కెప్టెన్ ఒకాయన, గోదావరి వైపు మనిషి, తెలుగులోనే అడిగారు. ఇంజను ఆగితే ఏం చేస్తావు, పొగమంచు కమ్మితే ఏం చేస్తావు, అన్నీ గడగడా చెప్పేశాను. అప్పుడాయన కుర్చీలో వెనక్కి వాలి, "బయల్దేరే టైమైందండి. ఒక ప్యాసింజరు ఇంకా రాలేదు. ఏం చేస్తారు?" అన్నారు.

"ఆయన డ్రైవరుకి ఫోన్ చేస్తాను సార్."

"ఏ డ్రైవరుకండి?"

"కారు డ్రైవరుకి సార్. స్నానమైందో లేదో తెలుస్తుంది."

పక్కనున్నావిడ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. "అప్పటికీ రాకపోతేనండి?" అన్నారాయన.

"టీ చల్లారకుండా ఫ్లాస్కు మూత బిగిస్తాను సార్."

"మరి మిగతా జనం?"

మిగతా జనం ఉంటారన్న సంగతే నాకు తట్టలేదు. ఆయన వాచీ చూసుకుని, "భోజనాల వేళైందండి, ఇక వెళ్ళిరండి" అని లేచారు. ఉద్యోగం పోయిందని అర్థమైంది. ఆ దుఃఖంలో నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కెప్టెన్‌గారి కుర్చీ పక్కనున్న పెట్టె అందుకుని, గబగబా లిఫ్టులో కిందికి దిగి, ఆయన కారేదో వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకుని, వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన మెట్లమీదుగా రొప్పుతూ దిగి వచ్చారు.

"బాబూ, నా పెట్టె ఎత్తుకుపోతున్నారా, నన్ను సాగనంపుతున్నారా?"

అప్పుడు చూసుకున్నాను, పెట్టె నా చేతిలోనే ఉంది. "సాగనంపుతున్నాను సార్. అలవాటు" అన్నాను. ఆయన కారుకి ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, "విమానం బాగానే నడుపుతారని మీ కాగితాలు చెబుతున్నాయండి. ఇదొక్కటీ మానుకోవాలి. టైమైతే తలుపు వేసెయ్యాలి, బయట ఎవరున్నా సరే. వేస్తారా?" అన్నారు.

"వేస్తాను సార్" అని, పట్టుకున్న కారు తలుపు ఠపీమని వేసేశాను. ఆయనింకా ఎక్కలేదు.

ఉద్యోగం వచ్చింది. (అమ్మ ఆ వారమంతా అక్కర్లేకపోయినా మార్కెట్‌కి వెళ్ళింది.) కొన్నేళ్ళకి కెప్టెన్నయ్యాను. ఆ కొత్తలోనే ఒక పొద్దున బేగంపేటలో బయల్దేరబోతుండగా, గ్రౌండ్ స్టాఫ్ అమ్మాయి వచ్చి ఒక ప్యాసింజరు తక్కువని పేరు చెప్పింది. పెద్దసారు. పూజలో ఉన్నారో, కారెక్కారో! డ్రైవరు నంబరు నాకింకా నోటికొచ్చు, సెల్‌ఫోను జేబులోనే ఉంది. వెనకెక్కడో చంటిపిల్ల ఏడుస్తోంది. ఫోను ఆపేసి, "తలుపు వేసెయ్యండి" అన్నాను. దారంతా మనసు మనసులో లేదు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఏమప్పా, నన్ను ఇడిసిపెట్టి పోయినావంట."

"టైమైపోయింది సార్" అన్నాను.

"నేనొచ్చేదాకా ఇమానం ఆగుతాదనే అనుకుంటి. అట్ల అలవాటు చేసినోడివి నువ్వే గదప్పా" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను. కూకట్‌పల్లిలో ఏదైనా పెళ్ళికి బయల్దేరుతూ మా ఆవిడ "అయిదు నిమిషాలండీ" అంటే వాచీ చూడను. ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని, కారు వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడతాను. ఆవిడ కూర్చునేది ముందు సీట్లో.