ఒదీలియా అవ్వ తప్పు పలికిన మాట

మెక్సికోలోని మా హుచితాన్ ఊళ్లో, ఏడో సెక్షన్ అనే పేటలో ఒదీలియా అవ్వ కాల్చే తొతోపోలు, అంటే కరకరలాడే మొక్కజొన్న రొట్టెలు, తినని ఇల్లు లేదు. మండుతున్న మట్టిపొయ్యిలోకి కుడిచెయ్యి దూర్చి లోపలి గోడకు రొట్టె అంటించాలి, మాడకముందే ఊడబీకాలి. యాభై ఏళ్లుగా అదే పని. మోచేతి దాకా కాలిన మచ్చలే. ఆవిడ నోరూ ఆ పొయ్యి లాంటిదే, దగ్గరికెళితే చురుక్కుమంటుంది.

అంతటి మనిషీ స్పానిష్ దగ్గర తడబడుతుంది. మా జపోతెక్ భాషలో ఆమె అన్నా అతను అన్నా ఒకటే మాట, "లాబె". స్పానిష్‌లో అలా కుదరదు. మనవడైతే నియెతో, మనవరాలైతే నియెతా. పదహారేళ్ల కిందట కూతురు పురిట్లోనే పోతే, బిడ్డను చంకనేసుకుని రిజిస్ట్రీ ఆఫీసుకెళ్లిన అవ్వ "నియెతో" అంది. గుమస్తా తలెత్తకుండా "మగ" అని రాసిపారేశాడు. బిడ్డకు పెట్టిన బియానీ అన్న పేరు ఆడా మగా ఎవరికైనా పెడతారు కాబట్టి వాడికి అనుమానమూ రాలేదు. ఈ కథ చెప్పి అవ్వ బజారంతా నవ్వించేది. బడిలో మాష్టార్లు కూడా విని నవ్వేసి, ఆడపిల్లల వరసలోనే కూర్చోబెట్టారు.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో బియానీ చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఓడించింది. వచ్చే నెల రాష్ట్ర పోటీలు. పుట్టిన కాగితంలో మగ అని చూసిన పోటీల కమిటీ ఉత్తరం పంపింది. ఆడో మగో తేల్చే రక్తపరీక్షకు పెద్దవాళ్లు ఒప్పుకుని వేలిముద్ర వెయ్యాలి, లేకపోతే ఆడపిల్లల పరుగులో చోటు లేదు.

ఉత్తరం వచ్చి వారమైనా అవ్వ వేలు కదలలేదు. ఎండురొయ్యలు అమ్మే సెసారియా ఆ పొద్దు బుట్ట దింపి పొయ్యి ముందు నిలబడింది.

"పెద్దమ్మా, మా ఇర్లాందా మూడుసార్లు నీ పిల్ల వెనకే వచ్చింది. నేనేమైనా అన్నానా?"

"ఏమంటావే? ఆ రొయ్యల వాసన వదిలించి పరిగెత్తమను, ముందొస్తుంది."

"ఎకసెక్కాలు వద్దు. నా కూతురూ కాళ్లు పగిలేలా పరిగెడుతోంది. దాని కష్టం కష్టం కాదా? బియానీ ఆడపిల్లేనని తేలితే ముందు చప్పట్లు కొట్టేది నేనే. తేలనీ!"

"తేలేదేంటి? పెంచినదాన్ని, నాకు తెలీదూ?"

"తెలిస్తే వేలిముద్రకి భయమెందుకు?"

రొట్టె మాడిపోయింది. సెసారియాను దులిపేద్దామనుకుంది కానీ అవ్వకు కోపం రాలేదు. తన పిల్లే రెండోదిగా వస్తుంటే తనూ ఇలాగే బుట్ట దింపి అడిగేది.

బజారుకు చెప్పని ముక్క ఒకటుంది. పుట్టిన రోజున మంత్రసాని బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఆడా మగా అని అవ్వ రెండుసార్లు అడిగింది. "లాబె బాగుంది, పాలు చూడు" అని ఊరుకుంది మంత్రసాని. రిజిస్ట్రీలో నాలుక తడబడింది భాష రాక కాదు. పదహారు నిండినా బియానీ పెద్దమనిషి కాలేదు.

మధ్యాహ్నం బియానీ దుమ్ముకాళ్లతో వచ్చి కాగితం, సిరా డబ్బా ముందు పెట్టింది.

"వేలు ఇటివ్వు అవ్వా."

"ఈ ఏడు వద్దులే తల్లీ. తప్పు మాట అన్నది నేను. ముందు ఆ కాగితం దిద్దించనీ..."

"తప్పు మాటేనా?"

అవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

"నా తోటివాళ్లంతా ఎప్పుడో అయ్యారు. నేను కాలేదు. నాకు తెలీదనుకున్నావా?"

"పరుగు పోతే పోయింది. అందులో ఏం రాసొస్తుందో, అది చూసి నువ్వేమైపోతావో! నాకు భయంగా ఉందే."

"నాకూ భయమే. కానీ ఇది తేలకుండా పక్కన పరిగెత్తే ఇర్లాందా మొహం ఇక చూడలేను."

అవ్వ కుడి బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది. నల్లటి మచ్చ పడింది తప్ప ఒక్క గీత లేదు. పొయ్యి ఎప్పుడో అరగదీసింది. మళ్లీ నొక్కింది, మళ్లీ మచ్చే. అమ్మయ్య అనిపించింది అవ్వకు. వెంటనే సిగ్గేసింది.

బియానీ కాగితం మీద ఇంకా ఖాళీ ఉందేమో చూస్తోంది.

అవ్వ పొయ్యిలో ఎన్నడూ పెట్టని ఎడమచెయ్యి చాపింది. "ఇది తీసుకో" అంది. గీతలన్నీ పడ్డాయి.