అరువిచ్చిన రంపం

ఆ ఏడాది కాపు దిగి కొమ్మలు కత్తిరించే రోజులొచ్చేసరికి మా ఇంట్లో గొడవంతా రంపం గురించే. అంతకుముందు ఏడాది మా తోటలో మూడు మామిడి చెట్లు కొమ్మ కొసల నుంచి ఎండుతూ వచ్చి నిలువునా చచ్చిపోయాయి. తోటల ఆఫీసరు ఒక కొమ్మ చీల్చి, లోపలి నల్లటి చార చూపించి, "ఈ తెగులు రంపంతో కూడా పాకుతుందమ్మా, చెట్టు మారినప్పుడల్లా తుడవాలి" అన్నాడు. ఇక నాకు అదే పిచ్చి పట్టుకుంది. పళ్ల మధ్య గట్టిపడిన జిగురును పెట్రోలుతో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, స్పిరిట్ పూసి, ఆరాక కొబ్బరినూనె రాసేదాన్ని.

"రంపానికి తలంటు పోస్తున్నావా?" అని మా ఆయన వెటకారం. పోస్తాను, ఏం? చచ్చింది మన చెట్లు కావూ?

పక్క తోట ఆవిడ, చర్చిలో నన్ను వదినా అని పిలిచే మనిషి, రంపం అడగడానికి వచ్చింది.

"ఇస్తాను గానీ, ప్రతి చెట్టుకీ తుడుచుకో వదినా. లేకపోతే మీవీ ఎండిపోతాయి" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. పచ్చటి చెట్ల మీద ఆ మాటలేంటి?" అని విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు మా ఆయన ఎండు కొమ్మలు కోసి, ఆ రంపం అలాగే కంచె మీదుగా ఆవిడకిచ్చి వచ్చాడు.

"తుడిచారా అండీ?"

"ఆవిడే తుడుచుకుంటుందిలే."

నాకు ఒళ్లు మండిపోయింది. స్పిరిట్ సీసా పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ నన్ను గేటు కూడా దాటనివ్వలేదు. ఆరోజు నుంచి మాకు మాటల్లేవు.

పూత నాటికి ఆవిడ తోటలో రెండు చెట్లు కొసల నుంచి మాడడం మొదలైంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందూ నన్ను నిలదీసింది.

"నీ నోరే తగిలింది మా తోటకి. నువ్వన్నట్టే ఎండుతున్నాయి. సంతోషమేనా?"

నాకు ఏడుపు ఆగలేదు. నోరు కాదు తల్లీ, రంపం, అని ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు. ఆ రంపమైనా ఇచ్చెయ్యమని బతిమాలాను.

"రంపానికేమైంది, శుభ్రంగా కోసింది. మా పని కాగానే తమ్ముడు విస్సన్నపేట పట్టుకెళ్లాడు. అక్కడ తోట తోటకీ తిరుగుతోందట" అంది.