సుభద్ర గారి పద్నాలుగు పొయ్యిలు

మొన్న ఆదివారం పగలు పదకొండింటికి మా వీధిలోంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. వ్యాను మీద మనిషెత్తు స్పీకరు పెట్టెలు కట్టి మోగిస్తున్నారు. వంటింట్లో స్టాండు మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గచ్చు మీదున్న నా పాదాలకు కూడా ఆ అదురు తెలుస్తోంది. కిటికీ మూద్దామని వెళ్ళి, మూయకుండా అలాగే నిలబడి చూశాను. ముందు డ్రైవరు, వెనక లాప్‌టాప్ దగ్గర ఒక మనిషి. అంతే. నాకు తెలియకుండానే మనసులో అనుకున్నాను, రెండు ఇళ్ళు అని. ఈ లెక్క నాకు అంటించింది సుభద్ర గారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కోటగుమ్మం దగ్గర ఆవిడ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు ఒకరో ఇద్దరో ఉంటారేమో.

తొంభైల మధ్యలో నేను ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరాను. మాది పెనుగొండ పక్కన చిన్న ఊరు. నాన్న కౌలు చేసేవాడు. ఒక ఏడు చేను నీట మునిగాక నా చదువు ఇంటర్‌తో ఆగింది. టైపు నేర్చుకుని, రాజమండ్రి సీతంపేటలో మా పిన్ని ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటుంటే, ఒక ఆర్కెస్ట్రా ఆఫీసులో ఫోను ఎత్తడానికి మనిషి కావాలన్నారు. కోటగుమ్మం దగ్గర కూల్‌డ్రింకుల షాపు మీద ఒకే ఒక గది. ఒక బల్ల, నల్ల ఫోను, గోడకు ఆనించిన తబలా సంచులు. సుభద్ర గారికి అప్పటికి యాభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళలో పాడేవారట. గొంతు పాడైపోయాక పాడటం మానేసి, పాడేవాళ్ళనూ వాయించేవాళ్ళనూ పోగుచేసి ఆ ఆర్కెస్ట్రా పెట్టారు. మాట్లాడితే గొంతు బొంగురుగా, తడి ఆరని గుడ్డ ఝాడించినట్టు ఉండేది.

మొదటి రోజే నన్నడిగారు. "మన ఆర్కెస్ట్రాలో ఎంతమందో తెలుసా విజయా?"

"పద్నాలుగు మందండి."

"మనుషులు పద్నాలుగు. పొయ్యిలెన్ని?"

నాకర్థం కాలేదు. ఆవిడ నన్ను కిటికీ దగ్గరకు పిలిచి కింద సందు చూపించారు. వాయించేవాళ్ళ కోట్లు ఇస్త్రీ చేసే బండి, వాళ్ళను ఊళ్ళకు తీసుకెళ్ళే వ్యాను, వేదికకు పూలదండలు కట్టే ఆవిడ, ఫిడేలు వాయించే మూర్తి గారి భార్య నడిపే చిన్న మెస్సు. రిహార్సలు రోజుల్లో అందరి భోజనాలూ ఆ మెస్సులోనే. "పాడేది ఇద్దరేనమ్మా. ఆ పాట మీద అన్నం వండుకునేవాళ్ళు ఈ సందంతా ఉన్నారు. ఫోనులో బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకో. ఒక మనిషిని తగ్గిస్తానని నోరు జారావంటే ఎక్కడో ఒక పొయ్యి ఆర్పినట్టే" అన్నారు.

ఆ మాట ఆవిడ ఎంత గట్టిగా నమ్మేవారో వారం తిరక్కుండానే చూశాను. కడియం నుంచి పూలమొక్కల నర్సరీ ఉన్న ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళికి మాట్లాడటానికి వచ్చారు. "పద్నాలుగు మంది ఎందుకండి మేడం గారూ, పాడేవాళ్ళిద్దరూ వాయించేవాళ్ళు నలుగురూ చాలరాండి?" అన్నారు. సుభద్ర గారు నవ్వకుండా అడిగారు. "పెళ్ళి భోజనంలో ఎన్ని రకాలు పెడుతున్నారండి?" ఆయన గర్వంగా, "ఇరవై దాకా ఉంటాయండి" అన్నారు. "పప్పూ పులుసూ చాలవాండి మరి?" అనేసరికి ఆయన తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వి, "ఆయ్, గట్టిగానే పట్టుకున్నారండి నన్ను" అన్నారు. పద్నాలుగు మందీ వెళ్ళారు. ఆ రోజు మెస్సులో మూర్తి గారి భార్య నాకు కొసరి కొసరి వడ్డించింది.

ముహూర్తాలున్న నెలలు అలా గడిచిపోయేవి. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు. ఆ రోజుల్లో ఆ సందు మొహమే మారిపోయేది. ఇస్త్రీ బండాయన మధ్యాహ్నం దాకా వచ్చేవాడు కాడు. కింద టీ కొట్టులో పాలు మిగిలిపోయేవి. అప్పుడు సుభద్ర గారు చేతిసంచి తగిలించుకుని బస్సెక్కేవారు. స్కూళ్ళ వార్షికోత్సవాలు, చర్చిల్లో క్రిస్మస్ కార్యక్రమాలు, గోదారి ఒడ్డున బెస్తవాళ్ళ గంగమ్మ జాతరలు, ఏది దొరికితే అది మాట్లాడుకుని వచ్చేవారు. ఒకసారి జాతర అయ్యాక బెస్త పెద్దలు డబ్బులతో పాటు ఒక గంపెడు చేపలు కూడా వ్యానులో పెట్టించారు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ పంచారు. క్లారినెట్ వాయించే యేసుపాదం గారింట్లో ఆ పూట పండగే. మూర్తి గారు చేపలు తినరు కనక ఆయనకు అరటి గెల కొని పంపారు. ఈ పంపకాలు చేసి వచ్చి కుర్చీలో వాలేటప్పుడు ఆవిడ మొహంలో కనబడే అలసట నాకు అప్పట్లో అంతగా పట్టేది కాదు. ఇప్పుడు అద్దంలో నా మొహం చూసుకుంటే అది గుర్తొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటాక రోజులు మారాయి. మండపేట వైపు పార్టీలు మా దగ్గరకు రావడం మానేశాయి. వేరే ఊరి నుంచి నలుగురు మనుషులు, ఒక కీబోర్డు వస్తున్నారని విన్నాం. వేణువు, ఫిడేళ్ళు, డోలక్, అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే పలుకుతాయట. ఆ మాఘమాసం మా ఫోను మోగిన రోజులు తక్కువ. మూర్తి గారు రోజూ వచ్చి, ఫిడేలు శ్రుతి చేసుకుని, కాసేపు వాయించుకుని వెళ్ళిపోయేవారు. సుభద్ర గారు ఏదీ బయటపడకుండా ఒక నెల్లాళ్ళు ఆలోచించారు. తర్వాత చెన్నై వెళ్ళి మూడో రోజున ఒక పొడుగాటి నల్ల పెట్టెతో తిరిగొచ్చారు.

ప్రసాదని, కాకినాడ నుంచి వచ్చి మా పద్నాలుగు మందిలో ఆఖరున చేరిన ఆర్టిస్టు దాన్ని వాయించి చూపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక ప్రసాదును కిందకు టీకి పంపించి, "దీంతో ఎంతమంది అక్కర్లేదు విజయా?" అన్నారు. అడిగి, ఆవిడే జవాబు చెప్పుకున్నారు. "ఎనిమిది మంది. ఆరుగురితో నడిపితే ఆరు ఇళ్ళయినా నిలబడతాయి. పద్నాలుగు మందితో కూర్చుంటే అందరం మునుగుతాం." చేతిసంచి అందుకుని, "ఒకళ్ళ చేత కబురు పెట్టొద్దు. మనమే వెళ్దాం" అన్నారు.

మండే ఎండలో రెండు రోజులు తిరిగాం. ధవళేశ్వరంలో యేసుపాదం గారి భార్య మాకు మంచినీళ్ళిచ్చి తలుపు పక్కన నిలబడింది. సుభద్ర గారు చుట్టూ తిప్పకుండా విషయం చెప్పేశారు. యేసుపాదం గారు, "మీరు రాకుండా ఉంటే తిట్టుకోడానికైనా వీలుండేదండి. వచ్చి కూచున్నారు. ఇప్పుడేం అనమంటారు?" అన్నారు. ఆవిడ తలవంచుకుని, "అనండి, వింటాను" అన్నారు. ఆయన లేచి మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపారు. మేం వీధి మలుపు తిరిగేదాకా ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

ఇన్నీసుపేటలో మూర్తి గారు మమ్మల్ని చూడగానే, "ముందు భోంచేశారా?" అని అడిగారు. తిన్నామని అబద్ధం చెప్పాం. విషయం విన్నాక ఆయన కోపగించుకోలేదు. "ఆ పెట్టెలో నా ఫిడేలు ఎలా ఉంటుందండి? ఒకసారి వినిపిస్తారా?" అన్నారు. మర్నాడు ఆఫీసుకు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. ప్రసాదు వాయించాడు. మూర్తి గారు చెవి ఒగ్గి చివరిదాకా విని, "శ్రుతి ఎక్కడా తప్పలేదు బాబూ. నేనైతే అప్పుడప్పుడు తప్పేవాణ్ణి" అని, గోడకు ఆనించి ఉన్న తన ఫిడేలు పెట్టె తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. సుభద్ర గారు ఆ రోజు ఫోను ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు.

ఆ తర్వాత నెలల్లో సందు కొద్దికొద్దిగా ఖాళీ అయింది. తినేవాళ్ళు లేక మెస్సు మూతపడింది. మూర్తి గారి భార్య ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. యేసుపాదం గారు ఒక గోడౌనుకు వాచ్‌మన్‌గా చేరి, ఆదివారాలు చర్చిలో పిల్లలకు క్లారినెట్ నేర్పేవారు. ఇస్త్రీ బండి దానవాయిపేట వైపు తరలిపోయింది. ఆరుగురితో మేం నాలుగైదేళ్ళు నడిచాం. తర్వాత కీబోర్డు కూడా అక్కర్లేని రోజులొచ్చాయి. ముందే రికార్డు చేసిన పాటలు పెట్టి మైకులో పేర్లు చదివితే చాలునన్నారు జనం. ప్రసాదు సెల్‌ఫోను రీచార్జి కొట్టు పెట్టుకున్నాడు. ఆఫీసు ఖాళీ చేసేముందు సుభద్ర గారు నన్ను ఒక ప్రైవేటు కాలేజీకి తీసుకెళ్ళి, "ఫోనులో దీని మాట వినండి, మీకే తెలుస్తుంది" అని కరస్పాండెంటు గారికి చెప్పి ఉద్యోగంలో పెట్టించారు. ఆ కాలేజీలోనే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

ఆవిడకు షుగరు ముదిరి కాలు తీసేశారని తెలిసి, ఆర్యాపురంలో ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. పాత కబుర్లు చెప్పుకున్నాం. ఆవిడకు సంతోషంగా ఉంటుందని, నా మనసులో నిజంగా ఉన్న మాటే అన్నాను. "ఆ ఎండలో ఎనిమిది ఇళ్ళకూ మీరే వెళ్ళి మొహాన చెప్పారు చూడండి, అలా ఇంకెవరూ చెయ్యలేరండి" అన్నాను.

ఆవిడ వత్తి చెయ్యడం ఆపారు. "అందరూ అదే అంటారు విజయా. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ నేను వాళ్ళకి ఆ పెట్టె కొన్నాక చెప్పాను. కొనకముందు అడగలేదు."

"అడిగితే మాత్రం ఏం చేసేవారండి వాళ్ళు?"

"ఏమో. యేసుపాదం గారు నేనే నేర్చుకుని వాయిస్తాననేవారేమో. మూర్తి గారు సగం రోజులకే వస్తాననేవారేమో. అందరూ కలిసి వద్దనేవారేమో, మునిగితే కలిసి మునిగేవాళ్ళమేమో. ఏమనేవారో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను. వాళ్ళ పొయ్యిల గురించి నాకు నేనే తేల్చేసుకున్నాను." అంతసేపు మాట్లాడేసరికి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. మంచినీళ్ళిచ్చాను. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాటలు అవే. రెండు నెలల తర్వాత, పరీక్షల పనిలో ఉండగా కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పోయిన ఏడాది మా కాలేజీ ఆఫీసులో పనంతా ఒక సాఫ్ట్‌వేరుకు అప్పగించాలని యాజమాన్యం అనుకుంది. ఆఫీసు చూసేది నేను కనక నాతోనే అన్నారు. "నలుగురు అక్కర్లేకుండా పోతారు మేడం. నెలాఖర్న మెసేజ్ పెట్టేద్దాం." నేను ఒక వారం గడువడిగాను. ఎందుకని విసుక్కున్నారు, చివరికి సరేనన్నారు. నాకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ధైర్యం కన్నా అలసటే ఎక్కువేమో. ఆ వారంలో జరిగినదాని వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. నలుగురిలో ఇద్దరు మిగిలారు, ఇద్దరు వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళలో ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

కానీ ఆ మొదటి మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురినీ నా గదిలోకి పిలిచి సంగతంతా చెప్పాను. ఎవరూ కూర్చోలేదు. ఫైళ్ళు చూసే రమణమ్మ గారు చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డారు. ఇరవై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆవిడే ముందు అడిగారు.

"అయితే కొనేశారాండి?"

"ఇంకా లేదండి. మిమ్మల్ని అడుగుదామని."

ఆవిడ నా మొహంలోకి ఒక క్షణం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.