కాటుక చుక్క

మధుబాబు కొడవలూరులో ఇంట్లోనే కూర్చుని ఓడరేవు కంపెనీకి సరుకుల కాగితాలు సరిచూసి పెడతాడు. ల్యాప్‌టాప్ నెత్తినున్న కెమెరా రోజంతా అతన్ని చూస్తుంటుంది. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉండిపోతే ఆ పూట జీతం కోసేస్తారు. అందుకని ఆవులింతను పెదవుల వెనకే మింగడం, మెడ కదలకుండా మంచినీళ్లు తాగడం నేర్చుకున్నాడు. సాయంత్రం బజారుకెళ్లినా ఆ బిగువు పోదు. ఎవరైనా పిలిస్తే మెడ బదులు మొత్తం మనిషే తిరుగుతాడు.

"ఎవుర్రా పొద్దస్తమానం నిన్ను చూస్తా ఉండేది?" అని ఒకరోజు తల్లి కామాక్షమ్మ అడిగింది.

"కంపెనీ అమ్మా."

"ఎంత దిష్టిరా నాయనా! అందుకే ఇట్టా చిక్కిపోయినావు" అంటూ, అతను వద్దనేలోపే కెమెరా కంటి మీద కాటుక చుక్క పెట్టేసింది.

తెర మూలన అతని బొమ్మ నల్లబడింది. తుడవబోయిన చెయ్యి ఎందుకో ఆగిపోయింది. ఎన్నాళ్లకో మెడ తిప్పి కిటికీలోంచి చూశాడు. సముద్రపు గాలి వరిపైరు మీద మెల్లగా నడిచి పోతోంది. అతనూ చూపుతోనే దాని వెంట కొంత దూరం వెళ్లాడు.

ఫోను మోగింది. నెల్లూరు నుంచి సూపర్‌వైజరు షఫీక్.

"ఏందన్నా, కనపడ్డం లేదే? ఈ పూట జీతం పోద్ది."

"పోనీలే షఫీక్. పొలం చూస్తా ఉండా."

షఫీక్ ముందూ అలాంటి కెమెరాయే ఉంది. పెదవులు కదపకుండా మాట్లాడే గొంతుతో అడిగాడు.

"ఎట్టుందన్నా?"

మధుబాబు చెప్పడం మొదలుపెట్టాడు.