బావకు మిగిలిన మాటలు

మా బావ ఇంగ్లీషు మాస్టారు. భాషాభాగాలు ఎనిమిదని తెలియనివాళ్లు ఆయన లెక్కలో మనుషులే కారు. అక్క పెళ్లయిన కొత్తలో చుట్టపుచూపుగా వెళ్తే నాకూ పాఠం తప్పలేదు. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని అని ఆయన నెత్తీనోరూ కొట్టుకోవడమే గానీ, నా బుర్రకెక్కితేగా!

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే తేరుకున్నాయి. మాటే తడబడిపోయింది. కిటికీ చూపించి "తెరువు... ఆ... తెరువు!" అని కసిరేవారు. దాహమేస్తే "ఇవ్వు" అనేవారు, ఏమివ్వాలో చెప్పలేకపోయేవారు. అక్క ఆయన మంచం పక్క నుంచి కదిలేది కాదు.

"కూతుర్ని చూసి నోరు తెరిచారే గానీ పిలవలేకపోయారే. నేనైనా గుర్తున్నానంటావా?" అని నా చెవిలో గొణుగుతూ కళ్లు తుడుచుకునేది.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక రోజు వచ్చి బొమ్మలు చూపించింది. తాళం బొమ్మ చూసి బావ "వేస్తాం... గట్టిగా..." అని ఆగిపోయారు. చీపురు బొమ్మకు "ఊడుస్తాం... శుభ్రంగా" అన్నారు.

"బావా! పనులన్నీ ఉన్నాయి, పేర్లే పోయాయి!" అని గావుకేక పెట్టాను.

బావ నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పటికి... ఎక్కింది!" అన్నారు. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

"ఈ జబ్బులో కొందరికి ఇలాగే అవుతుందమ్మా. మనుషుల్ని మర్చిపోలేదు, పేర్లే నోటికి అందట్లేదు. మెల్లగా వస్తాయి" అంది.

అక్క తలూపింది గానీ నమ్మలేదు.

సాయంత్రం "నేను చూసుకుంటాలే, నువ్వెళ్లి నాలుగు చెంబులు పోసుకుని రా" అని దాన్ని బలవంతాన పంపాను. బావ కాసేపు ఖాళీ కుర్చీ వంక చూశారు. నా వంక చూశారు. నేను పనికిరానని తేల్చుకున్నారు కాబోలు, గుమ్మం వైపు తిరిగి గట్టిగా కేకేశారు.

"ఏమోయ్!"

లోపల చెంబు కింద పడిన చప్పుడైంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన అక్కను పిలిచే పిలుపు అదొక్కటే. మొగుడు ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదని నా దగ్గర ఎన్నిసార్లు వాపోయిందో! ఆ పేరే నోటికి అలవాటై ఉంటే అన్నిటితో పాటు అదీ పోయేదే.

అక్క తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి మంచం పట్టె మీద కూలబడింది. ఏం కావాలని కూడా అడగలేదు.

"ఏదీ, ఇంకోసారి పిలవండి" అంది.